పిట్టగోడ లేని ఇళ్ళు: పాశమైలారం తరువాత మన కుటుంబాలు



2025 జూన్ 30 సోమవారం ఉదయం. ముందురోజు ఆదివారం ఆరాధన ముగించుకుని, మన సంఘాల్లోని ఎంతోమంది ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా పట్టుకుని షిఫ్టుకు బయలుదేరారు. తొమ్మిదిన్నర ప్రాంతంలో సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచి ఇండస్ట్రీస్ కర్మాగారంలో పేలుడు జరిగింది. మూడంతస్తుల భవనం కూలిపోయింది. ఆ సమయంలో ఆవరణలో 140 మందికి పైగా ఉన్నారు. వారిలో 46 మంది మరణం నిర్ధారణ అయింది. మరో ఎనిమిది మంది ఆచూకీ దొరకలేదు, వారు బ్రతికి ఉండే అవకాశం లేదని అధికారులు కుటుంబాలకు చెప్పారు. అంటే 54 ఇళ్ళు. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ నుండి వచ్చినవారూ, మన తెలుగు జిల్లాల నుండి వచ్చినవారూ ఆ లెక్కలో ఉన్నారు.

 టీవీ వాహనాలు వెళ్ళిపోయాయి. ముఖ్యమంత్రి వచ్చి చూశారు. చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి కోటి రూపాయలు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. ప్రభుత్వం నిపుణుల కమిటీని వేసింది, పోలీసులు కేసు నమోదు చేశారు. తప్పు ఎవరిదో తేల్చే పని వారిది. ఆ పని జరిగేవరకు మనం చూస్తూనే ఉండాలి. అయితే ఈ వారం నేను సంఘాలను అడగదలచిన ప్రశ్న వేరే. ఇలాంటి రోజు మన ఇంటికి వస్తే మన కుటుంబం దేనికి సిద్ధంగా ఉంది? వచ్చిన తరువాత తిరిగి లేచి నిలబడడానికి సంఘం ఎలా తోడుంటుంది?

ఇది వారి పాపమా?

ముందు ఒక మాట తేల్చుకోవాలి. విపత్తు జరిగిన ప్రతిసారి మన మధ్యే కొందరు లేచి, ఇది దేవుని ఉగ్రత అనీ, తమకు ముందే దర్శనం వచ్చిందనీ చెబుతుంటారు. సెల్‌ఫోన్లలో అలాంటి వీడియోలు తిరుగుతుంటాయి. లూకా సువార్త 13వ అధ్యాయం తెరవండి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతిని ప్రభువే ప్రస్తావించారు. యెరూషలేములో ఉన్న మిగతావారందరికంటే ఆ 18 మంది ఎక్కువ దోషులా అని అడిగి, కాదని ఆయనే జవాబిచ్చారు. తరువాత వింటున్నవారి వైపు తిరిగి, మీ సంగతి ఏమిటని నిలదీశారు. చచ్చినవారి లెక్క తీయవద్దనీ, బ్రతికున్నవారు మారుమనస్సు పొందాలనీ ఆ మాటల సారం.

యోబు పిల్లల సంగతీ అంతే. అరణ్యం వైపునుండి గొప్ప సుడిగాలి వచ్చి ఇంటి నాలుగు మూలలను కొట్టింది, ఇల్లు వారిమీద పడింది. స్నేహితులు వచ్చి ఏడు రోజులు నేలమీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. వారు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే తప్పు చేశారు. చివర్లో దేవుడు మందలించింది వారినే. కాబట్టి పాశమైలారం బాధితుల ఇంటికి వెళ్ళేవారు యోబు స్నేహితుల మొదటి ఏడు రోజులను గుర్తుంచుకుని వెళ్ళండి.

మారుమనస్సు అవసరం అనిపించే చోటు మాత్రం నాకు ఒకటి కనబడుతోంది. అది నాలోనే, నావంటి కాపరులలోనే. మా బిడ్డకు ఫలానా కంపెనీలో ఉద్యోగం వచ్చిందని తల్లి సాక్ష్యం చెప్పినప్పుడు సంఘమంతా చప్పట్లు కొట్టాం, కృతజ్ఞత ప్రార్థన చేశాం. అక్కడ ఏం తయారవుతుంది, ఏ పని చేస్తాడు, పర్మినెంటా కాంట్రాక్టా, పి.ఎఫ్. కడుతున్నారా అని ఒక్కసారైనా అడిగానా? అడగలేదు. ఉద్యోగం కోసం ఉపవాసం ఉన్నాం, ఆ ఉద్యోగం నుండి అతడు క్షేమంగా ఇంటికి రావడం గురించి ఆలోచించలేదు.

దుమ్ము ఎందుకు పేలుతుంది?

సిగాచిలో తయారయ్యేది మైక్రో క్రిస్టలైన్ సెల్యులోజ్ అనే తెల్లటి పొడి. కలప గుజ్జునుండి తీస్తారు. మందు బిళ్ళలు విడిపోకుండా పట్టి ఉంచడానికి దీన్ని కలుపుతారు. మన ఇంట్లో ఉన్న మాత్రల్లోనూ ఇది ఉండవచ్చు. విషం కాదు, తిన్నా హాని లేదు. అందుకే ఇది ప్రమాదకరమని ఎవరికీ తోచదు. తడి గుజ్జును వేడి గాలితో ఆరబెట్టే స్ప్రే డ్రయ్యర్ దగ్గర ఈ ప్రమాదం మొదలైందని తొలి నుండీ అనుమానిస్తున్నారు.

చెక్క దుంగను అగ్గిపుల్లతో అంటించలేం. దాన్నే రంపపు పొట్టుగా చేస్తే త్వరగా అంటుకుంటుంది. ఇంకా మెత్తటి పొడి చేసి గాలిలోకి లేపితే ప్రతి రేణువు చుట్టూ గాలి ఉంటుంది కాబట్టి అంతా ఒక్కసారిగా మండుతుంది. అది మూసి ఉన్న గదిలోనో యంత్రంలోనో జరిగితే ఒత్తిడి పెరిగి పేలుడవుతుంది. ఒక నిప్పురవ్వ చాలు, అతిగా వేడెక్కిన ఒక బేరింగ్ చాలు. పిండి మరలో, చక్కెర మిల్లులో, పసుపు కారం ఆడించే చోట కూడా ఈ ప్రమాదం ఉంది. తరచుగా మొదటి పేలుడు చిన్నదే. దాని ధాటికి దూలాలమీద, పైపులమీద, మూలల్లో పేరుకున్న దుమ్ము గాలిలోకి లేస్తుంది. రెండవ పేలుడు దానితో వస్తుంది, భవనాన్ని కూల్చేది సాధారణంగా అదే. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 2008 ఫిబ్రవరి 7న ఇంపీరియల్ షుగర్ కర్మాగారంలో ఇలాగే చక్కెర దుమ్ము పేలి 14 మంది చనిపోయారు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. దుమ్ము పేరుకోకుండా ఊడ్చడం, యంత్రాలకు ఎర్తింగ్ చేయడం, వేడి హద్దు దాటితే మోగే అలారాలు, ఒత్తిడి బయటికి పోయే దారులు పెట్టడం దీనికి మందు. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్ పేలే స్వభావమున్న దుమ్ము గురించే రాసి ఉండేది. తెలిసిన ప్రమాదం నుండి ప్రాణాలు కాపాడడం యజమాని బాధ్యత.

ధర్మశాస్త్రంలో రెండు ఆజ్ఞలు నాకు పదేపదే గుర్తుకొస్తున్నాయి. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం ప్రకారం కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టించాలి. లేకపోతే ఎవరైనా పైనుండి పడి చనిపోతే ఆ రక్తదోషం ఇంటిమీదికి వస్తుంది. పడినవాడు జాగ్రత్తగా నడవలేదన్న సాకు అక్కడ చెల్లదు. నిర్గమకాండం 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు సంగతి ఉంది. అది పొడుస్తుందని యజమానికి ముందే తెలియజేసినా కట్టివేయక, అది ఎవరినైనా చంపితే శిక్ష యజమానికి కూడా. తెలిసి ఊరుకోవడం వేరు, తెలియక జరగడం వేరు అని దేవుడే గీత గీశాడు. మన సంఘాల్లో యజమానులున్నారు, మేనేజర్లున్నారు, షిఫ్టు సూపర్‌వైజర్లు, లేబర్ కాంట్రాక్టర్లు ఉన్నారు. వారి కానుకలతో మనం ప్రహరీలు, మందిరాలు కట్టుకున్నాం. వారితో ఈ రెండు అధ్యాయాలు కలిసి చదివే ధైర్యం కాపరులకు ఉండాలి.

గాలికి నేర్చుకున్నాం

విపత్తుకు సిద్ధపడడం అంటే విశ్వాసం లేకపోవడం అనుకునేవారున్నారు. మన కోస్తా చరిత్ర చూడండి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు దాదాపు పదివేల మంది చనిపోయారు. 1990 మే నెలలో దాదాపు అంతటి బలమైన తుఫానే మళ్ళీ కృష్ణా, గోదావరి తీరాలను తాకింది. చనిపోయినవారు వెయ్యిలోపు. ఈ నడుమ సముద్రం మెత్తబడలేదు. హెచ్చరికలు ముందే ఊళ్ళకు చేరాయి, తుఫాను షెల్టర్లు కట్టారు, లక్షలమందిని ముందుగానే తరలించారు. ఇప్పుడు తీరంలో పదేళ్ళ పిల్లను అడిగినా తుఫాను హెచ్చరిక వస్తే ఎక్కడికి వెళ్ళాలో చెబుతుంది.

పటాన్‌చెరు, ఇస్నాపూర్, బొల్లారం, పాశమైలారం, రుద్రారం చుట్టుపక్కల ఇళ్ళలో ఒక పిల్లను అడగండి. కంపెనీ సైరన్ మోగితే ఎక్కడికి వెళ్ళాలి? జవాబుండదు. 2024 ఏప్రిల్‌లో ఇదే జిల్లా హత్నూర మండలం చందాపూర్‌లో ఒక రసాయన కర్మాగారం పేలింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక ఫార్మా కంపెనీలో 17 మంది పోయారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి ఇళ్ళలోకి వచ్చి నిద్రలో ఉన్నవారిని లేపింది. ఎటు పరుగెత్తాలో తెలియక కొందరు రోడ్లమీదే పడిపోయారు. గాలికి, నీటికి మనం నేర్చుకున్నాం. రసాయనాలకూ దుమ్ముకూ ఇంకా నేర్చుకోలేదు. ఐగుప్తులో యోసేపు ఏడు సంవత్సరాలు ధాన్యం కొట్లలో నింపింది దేవునిమీద నమ్మకం లేక కాదు, దేవుడు చెప్పిన మాటను నమ్మాడు గనుకనే.

ఇంట్లో ఈ వారమే చేయవలసినవి

ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక అరగంట కూర్చోండి. పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. ఒక నోటు పుస్తకం తీయండి.

పనికి వెళ్ళే ప్రతి ఒక్కరి కంపెనీ పూర్తి పేరు, చిరునామా, ఏ బ్లాకులో ఏ పని, షిఫ్టు వేళలు రాయండి. కాంట్రాక్టరు పేరు, అతని ఫోను నంబరు, పక్కన పనిచేసే ఇద్దరి నంబర్లు రాయండి. పాశమైలారంలో ఎందరో కుటుంబసభ్యులు సెల్‌ఫోనులో ఫోటో పట్టుకుని కంపెనీ గేటుకూ ఆసుపత్రులకూ మధ్య తిరిగారు. చాలా ఇళ్ళలో ఈనాటికీ భార్యకు తెలిసేది కంపెనీకి వెళ్ళాడన్న ఒక్క మాటే.

రెండవది, కాగితాలు. ఇ.ఎస్.ఐ. నంబరు, పి.ఎఫ్. ఖాతాకు ఇచ్చే యు.ఎ.ఎన్. నంబరు, ఆధార్, బ్యాంకు పుస్తకం, జీతం చీటీ. వీటి నకళ్ళు ఇంట్లో ఒకటి, సొంత ఊళ్ళో ఒకటి ఉండాలి. జీతంలో ఇ.ఎస్.ఐ. కోత పడుతుంటే అది నిజంగా కడుతున్నారో లేదో చూసుకోండి. నెలకు 21,000 రూపాయల వరకు జీతమున్నవారికి ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. పనిలో ప్రమాదం జరిగి చనిపోతే, ఆధారపడ్డవారికి జీతంలో 90 శాతం లెక్కన నెలనెలా పెన్షన్ వంటి సహాయం వస్తుంది. పి.ఎఫ్. ఉన్నవారికి దానితో పాటే ఏడు లక్షల వరకు బీమా ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. పెళ్ళికి ముందు తల్లి పేరో తండ్రి పేరో నామినీగా రాసినవారు పెళ్ళి తరువాత మళ్ళీ రాయాలి, పాత పి.ఎఫ్. నామినేషన్ పెళ్ళితో చెల్లకుండా పోతుంది. పెళ్ళిళ్ళు జరిపించే కాపరులు ఈ మాటను ధృవపత్రం ఇచ్చేరోజే కొత్త జంటకు చెప్పండి.

మూడవది, ప్రమాదం వేళ ఏం చేయాలి. కంపెనీలో అలారం మోగితే సంచీ కోసమో ఫోను కోసమో వెనక్కి వెళ్ళకూడదు. ఒకసారి బయటపడ్డాక సహాయానికి కూడా మళ్ళీ లోపలికి పోకూడదు, రెండవ పేలుడు రావచ్చు. బయటికి వచ్చి చేరే చోటు ఏదో ముందే తెలుసుకోవాలి. ఇంటి దగ్గర ఘాటైన వాసన వస్తే గాలి ఎటునుండి వీస్తుందో చూసి దానికి అడ్డంగా నడవాలి, వాసన వెళ్ళే దారిలోనే పరుగెత్తకూడదు. ముక్కుకు, నోటికి తడిగుడ్డ అడ్డం పెట్టుకోవాలి. ఒళ్ళు కాలితే కొళాయి కింద చల్లటి నీళ్ళు ఇరవై నిమిషాలు పోయాలి. పేస్టు, నెయ్యి, సిరా పూయకూడదు. 108, 101, 112 నంబర్లు పిల్లలకు కంఠస్థం కావాలి. అందరూ చెదిరిపోతే ఎక్కడ కలుసుకోవాలో ఒక చోటు, సొంత ఊళ్ళో ఎవరికి ఫోను చేసి క్షేమం చెప్పాలో ఒక పేరు నిర్ణయించుకోండి. చాలామందికి ఆ చోటు మన ప్రార్థనా మందిరమే కావచ్చు.

నాల్గవది, అడిగే హక్కు. భోపాల్ తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. పనిచేసే చోట ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారం అడగడం, శిక్షణ పొందడం కార్మికుని హక్కు అని దానిలో చేర్చారు. ప్రమాదకర ప్రక్రియలున్న చోట, ప్రాణాపాయం దగ్గరలో ఉందని తోస్తే ఆ సంగతి పై అధికారి దృష్టికి, భద్రతా కమిటీ దృష్టికి తెచ్చే హక్కు కూడా ఉంది.

ఇక్కడ ఎవరైనా నన్ను ఆపి అడగవచ్చు: అయ్యగారూ, అడిగితే రేపటినుండి రావద్దంటారు, మా అద్దె మీరు కడతారా? ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా పైన రాసినదంతా వట్టి మాటలే. భద్రత గురించి నోరు తెరిచినందుకు పని పోగొట్టుకున్న విశ్వాసికి రెండు మూడు నెలలు అద్దె, బియ్యం ఇవ్వగలిగే నిధి ప్రతి సంఘంలో ఉండాలి. మనం కన్వెన్షన్ సభల పందిళ్ళకు, మైకులకు పెట్టే ఖర్చులో కొంత భాగం చాలు. సహోదరుడు ఆకలితో ఉంటే సమాధానంగా వెళ్ళమని చెప్పి పంపేసే విశ్వాసాన్ని యాకోబు ఏమన్నాడో మనకు తెలుసు. ఒంటరిగా అడగవద్దు, నలుగురు కలిసి, రాతపూర్వకంగా అడగండి. సంఘం వెనుక ఉందని యజమానికి తెలియనివ్వండి.

తరువాతి రోజులు

ప్రమాదం జరిగిన ఇంటికి మొదటి వారంలో అందరూ వస్తారు. మూడవ నెలలో ఎవరూ రారు. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది.

పరిహారం సంగతి ముందు చెబుతాను. ప్రకటించిన మొత్తం వేరు, చేతికి వచ్చేది వేరు, చట్టం ఇచ్చే హక్కు వేరు. ఇ.ఎస్.ఐ. లేనివారికి 2025 నవంబరు వరకు 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఉండేది. మరణ పరిహారాన్ని ఆ చట్టం కింద కమిషనర్ దగ్గరే జమ చేయాల్సి ఉండేది, ఇంటికి వచ్చి చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే అది పరిహారంగా చెల్లేది కాదు. దరఖాస్తుకు రెండేళ్ళ గడువు ఉండేది. కాంట్రాక్టు కూలీ అయినా అసలు యజమాని బాధ్యత తప్పదు. కాబట్టి చదవని కాగితం మీద సంతకం, వేలిముద్ర వేయవద్దు. సంఘంలో వకీళ్ళు, విశ్రాంత ఉద్యోగులు ఉంటే వారి పరిచర్య ఇదే. ఆ ఇంటి వారితో కలిసి కార్యాలయానికి వెళ్ళి వరుసలో నిలబడండి.

డబ్బు వచ్చాక ఇంకో గొడవ. అత్తగారింటివారు ఒకవైపు, పుట్టింటివారు ఒకవైపు. మధ్యలో పాతికేళ్ళ విధవరాలు, చంకలో బిడ్డ. ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడాలి అనేదానిమీద తగవులు నేను కాపరిగా ఎన్నో చూశాను. విధవరాలి వాటా ఆమె సొంత ఖాతాలోనే పడాలి, పిల్లల వాటా వారి పేరున ఉండాలి, ముసలి తల్లిదండ్రుల పోషణ మరువకూడదు. ఆరు నెలలపాటు ఇల్లు కొనడం, అప్పులివ్వడం, వ్యాపారం పెట్టడం వంటి పెద్ద నిర్ణయాలు ఏవీ చేయవద్దని పెద్దలు నచ్చచెప్పాలి. అలాంటి సొమ్ములో దశమ భాగం అడగడానికి ఏ సేవకుడైనా ఆ గడప తొక్కితే అతణ్ణి సంఘం గద్దించాలి.

మృతదేహం దొరకని ఎనిమిది కుటుంబాల సంగతి వేరు. మంటల్లో గుర్తుపట్టలేనివారిని బంధువుల రక్తనమూనాలతో డి.ఎన్.ఎ. పరీక్షలు చేసి గుర్తించారు. వీరికి ఆ ఓదార్పు కూడా లేదు. సమాధి లేదు, చితి లేదు. మామూలు చట్టం ప్రకారం ఏడేళ్ళు కబురు లేకపోతేనే చనిపోయినట్టు భావిస్తారు. అన్నేళ్ళు మరణ ధృవపత్రం లేకుండా బీమా రాదు, పెన్షన్ రాదు, భూమి పట్టా మారదు. 2021లో ఉత్తరాఖండ్ చమోలీ వరదలో కొట్టుకుపోయినవారికి కేంద్రం ప్రత్యేక పద్ధతి ఏర్పరచి, ఏడేళ్ళు ఆగకుండా ధృవపత్రాలు ఇప్పించింది. అదే పద్ధతి ఇక్కడా నడవాలని మన పెద్దలు, బిషప్పులు ప్రభుత్వానికి వినతి ఇవ్వాలి.

సమూయేలు రెండవ గ్రంథంలో రిస్పా అనే తల్లి ఉంది. చంపబడిన తన కుమారుల దేహాల దగ్గర గోనెపట్ట పరచుకుని, కోతకాలం మొదలుకొని వాన కురిసేవరకు పగలు పక్షులను, రాత్రి మృగాలను తోలుతూ కూర్చుంది. ఆమె ఏమీ మాట్లాడినట్టు వాక్యంలో లేదు. ఆమె చేసినది రాజైన దావీదు చెవిని పడింది, ఎముకలను ఏర్చి పాతిపెట్టించాడు. కంపెనీ గేటు దగ్గర రోజుల తరబడి ఎండలో కూర్చున్న తల్లులను చూసినప్పుడు నాకు రిస్పాయే గుర్తుకొచ్చింది. వారిని ఇంటికి వెళ్ళిపొమ్మని తొందరపెట్టే హక్కు మనకు లేదు. వారి పక్కన కూర్చోవడం, దావీదుల చెవిన పడేలా చేయడం మన పని.

బ్రతికి బయటపడ్డవారిని కూడా మరువవద్దు. కాలిన గాయం మానడానికి నెలలు పడుతుంది. లోపలి గాయం ఇంకా ఆలస్యం. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడడం, నిద్ర పట్టకపోవడం, పక్కనున్నవాడు పోయి నేనెందుకు బ్రతికానని కుమిలిపోవడం, తాగుడు మొదలవడం. ఇది విశ్వాసలోపం కాదు, దయ్యం కాదు. ప్రార్థనతో పాటు మానసిక వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళాలి. చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు మొదట ఇచ్చినది రొట్టె, నీళ్ళు, నిద్ర. సుడిగాలి, భూకంపం, అగ్ని దాటిపోయాక గాని మెల్లని స్వరం వినిపించలేదు. పిల్లలకు నాన్న ఊరెళ్ళాడని అబద్ధం చెప్పకండి. నిజాన్ని వారి వయసుకు తగిన మాటల్లో చెప్పండి, బడి మానకుండా చూడండి.

మన గడప బయటివారు

చనిపోయినవారిలో ఎక్కువమందికి మన భాష రాదు, మన ఆరాధనకు వచ్చినవారు కారు. అయితే ఏమి? ఆదిమ సంఘంలో మొదటి ఫిర్యాదు ఇదే. గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పరిచర్యలో చిన్నచూపు చూశారని సణుగు పుట్టింది. అపొస్తలులు ఆ సణుగును అణచివేయలేదు, ఏడుగురిని ఆ పనికే నియమించారు. ఇస్నాపూర్ వీధుల్లో ఒక్కో గదిలో ఆరేడుగురు ఉండే హిందీ, ఒడియా కూలీల దగ్గరికి మన యౌవనస్థులు వెళ్ళాలి. మతం మార్చడానికి కాదు. పేరు, ఊరు, ఇంటి ఫోను నంబరు ఒక చీటీమీద రాసి ప్రతి గదిలో గోడకు అంటించడానికి, ఇ.ఎస్.ఐ. కార్డు ఉందో లేదో చూడడానికి. సహాయం చేస్తూ ఫోటోలు తీసుకోవద్దు.

మన ప్రాంతపు సంఘానికి ఇది కొత్త కాదు. ఇక్కడికి కొద్ది దూరంలో ఉన్న మెదక్ మహాదేవాలయం కరువులో పుట్టింది. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఆకలితో ఉన్న కుటుంబాలకు కూలి పని కల్పించి, తిండి పెట్టి దాన్ని కట్టించారు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. దానిని కట్టిన చేతుల్లో మన ఆరాధనకు రానివారివీ ఉన్నాయి. నూరేళ్ళ పండుగను 2024లో ఘనంగా తలచుకున్నాం. ఆ పండుగకు అర్థం చెప్పవలసిన చోటు పాశమైలారం.

అందుచేత వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కాపరులు ఒక్క పని చేయమని వేడుకుంటున్నాను. కర్మాగారాల్లో పనిచేసే వారందరినీ ముందుకు పిలవండి. తలమీద చేతులుంచి ప్రార్థించండి. ప్రార్థన ముగిశాక వారిని పంపేయకండి. ఒక నోటు పుస్తకం తీసి, ఎక్కడ పని, ఏ పని, ఎవరి కింద, ఇంటి ఫోను నంబరు ఏది అని ఒక్కొక్కరి పేరున రాసుకోండి. కాపరికి తన గొఱ్ఱెలు పేరు పేరునా తెలియాలి గదా.

ప్రభువు ఆ 54 ఇళ్ళను ఆదరించును గాక. మన ఇళ్ళకు పిట్టగోడలు కట్టుకొనే బుద్ధి మనకు దయచేయును గాక. ఆమేన్.